పాత ఫోను ఎలా పోయింది సామీ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక వంతు ఒకటే ప్రశ్న. "ఇంత డబ్బుంది, ఏ ఫోను కొనమంటారు?" నేను కొత్త ఫోన్లు అమ్మేవాణ్ని కాదు. తిరుపతి బస్టాండు దగ్గర సందులో ఆరడుగుల ఫోను రిపేరు కౌంటరు నాది. ఒక హాట్ గన్ను, ఒక భూతద్దం, నోకియా 1100 వచ్చిన 2003 నుంచి చేతికి అంటిన సోల్డరింగ్ వాసన, అంతే నా ఆస్తి. అందుకే బడ్జెట్ ఎంత అని అడిగే ముందు, పాత ఫోను ఎలా పోయింది సామీ అని అడుగుతాను. అది చెబితే కొత్తది ఎలాంటిది కావాలో సగం తేలిపోతుంది. మోడల్ పేర్లు మాత్రం దాదాపు రాయను. పత్రిక మీ చేతికి వచ్చేలోపు ఆ పేరు చివర ఇంకో అక్షరం తగిలించి కొత్తది దింపేస్తారు.

ప్రశ్న: మా అమ్మాయి పద్మావతి మహిళా యూనివర్సిటీలో చేరింది. ఇప్పుడున్న ఫోను మూడేళ్లకే నత్తలా తయారైంది. ఫొటోలు తీసేసినా మళ్లీ అంతే. 13 వేలు దాటి పెట్టలేను. షాపులో "12 జీబీ ర్యామ్, 5జీ" అని ఒకటి చూపించారు. తీసుకోవచ్చా సార్?
— ఒక అంగన్‌వాడీ టీచర్, చంద్రగిరి

అమ్మా, ఆ 12 జీబీ పక్కన చిన్న అక్షరాలతో "4 ప్లస్ 8" అని ఉంటుంది, ఇంకోసారి వెళ్లి చూడండి. అసలు ర్యామ్ నాలుగే. మిగతా ఎనిమిదీ స్టోరేజ్ దగ్గర తెచ్చుకున్న అప్పు. దాన్నే వర్చువల్ ర్యామ్ అంటారు.

మీ వంటింట్లో చూడండి. పొయ్యి పక్కనున్న గట్టు ర్యామ్. వెనకాల సామాన్ల గది స్టోరేజ్. గట్టు చిన్నదైతే తరిగిన కూరగాయలు, పోపులపెట్టె అన్నీ సామాన్ల గదిలో పెట్టుకుని, కావలసినప్పుడల్లా పరిగెత్తాలి. వంట అవుతుంది, కాదనను. కానీ చారు మరిగేలోపు నాలుగుసార్లు ఆ గదికీ పొయ్యికీ మధ్య తిరుగుతారు. మీ అమ్మాయి ఫోను హ్యాంగ్ అయ్యేది సరిగ్గా ఆ తిరుగుడులోనే.

అసలు కిటుకు ఆ గది తలుపు వెడల్పులో ఉంది. చవక ఫోన్లలో ఈఎంఎంసీ అనే రకం స్టోరేజ్ వేస్తారు. సెకనుకు సుమారు 300 ఎంబీ చదువుతుంది. యూఎఫ్‌ఎస్ 2.2 అనే రకం వెయ్యి ఎంబీ దాకా చదువుతుంది. రెండూ 128 జీబీయే, డబ్బా మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఏ రకమో డబ్బా మీద సాధారణంగా రాయరు. కంపెనీ వెబ్‌సైట్‌లో స్పెసిఫికేషన్స్ తెరిచి "స్టోరేజ్ టైప్" దగ్గర చూడండి. యూఎఫ్‌ఎస్ వేసినవాళ్లు గొప్పగా రాసుకుంటారు. ఏమీ రాయలేదంటే నేనైతే ఈఎంఎంసీ అనే లెక్కేసుకుంటాను.

మొన్న ఒక కాలేజీ కుర్రాడి 64 జీబీ ఫోను విప్పకుండానే బాగుచేశాను. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిస్తే వాట్సాప్ ఒక్కటే 41 జీబీ. బంధువుల గ్రూపులో రోజూ వచ్చే శుభోదయాలు, దేవుడి బొమ్మలు, ఒకే వీడియో ఏడుసార్లు. ఇంకో ఒకటిన్నర జీబీయే ఖాళీ. స్టోరేజ్ గొంతుదాకా నిండితే ఎంత మంచి ఫోనైనా ఆయాసపడుతుంది. పదిహేను శాతమైనా ఖాళీ ఉంచాలి. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపేసి పంపాను, వంద రూపాయలు తీసుకున్నాను. ముందు మీ అమ్మాయి ఫోనుకూ ఈ పరీక్ష చేయండి. ఇంకో ఏడాది నడిస్తే 13 వేలు మిగిలినట్టే.

కొనక తప్పదంటే నిజమైన ర్యామ్ 6 జీబీ, స్టోరేజ్ 128 జీబీ, అదీ యూఎఫ్‌ఎస్. ఈ మూడూ దొరికాకే 5జీ గురించి చూడండి. 5జీ లేదని నా కౌంటరు మీదికి ఇంతవరకు ఒక్క ఫోనూ రాలేదు. స్టోరేజ్ నిండిందని రోజుకు నలుగురు వస్తారు. 5జీ ఉన్నదే దొరికితే మంచిదే. అయితే 4జీ సాయం లేకుండా నడిచే స్టాండలోన్ 5జీ, అంటే ఎస్‌ఏ, ఉందేమో అడగండి. జియో 5జీ ఆ పద్ధతిలోనే నడుస్తుంది, అది లేని ఫోనులో జియో సిమ్ 4జీ దగ్గరే ఆగిపోతుంది.

ఇంకొక్కటి. అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో అడగండి. శాంసంగ్ గెలాక్సీ ఏ16 5జీ లాంటి మామూలు ధర ఫోనుకే ఆరేళ్లు ఇస్తామని కంపెనీ మాటిచ్చింది. అదే ధరలో రెండేళ్లతో చేతులు దులుపుకొనేవీ ఉన్నాయి. డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు. మీ అమ్మాయి చదువు అయ్యేదాకా బ్యాంకు యాప్ పనిచేయాలి కదా.

ప్రశ్న: మాది మామిడితోట. సీజన్లో కాయలు కొనే ర్యాంపు దగ్గర రేటు ఎంత ఉందో వాట్సాప్‌లో వస్తుంది. మిట్టమధ్యాహ్నం తోటలో తెర మీద ఏమీ కనబడదు, తలగుడ్డ కప్పుకుని చూడాల్సి వస్తోంది. సిగ్నలూ అంతంతమాత్రమే. వేలిముద్ర కూడా తీసుకోదు. పదిహేను వేల లోపల ఏదైనా చెప్పన్నా.
— ఒక రైతు, బంగారుపాళ్యం మండలం

అన్నా, మీరు రాసిన మూడు బాధలకూ మూడు వేరే కారణాలు.

తెర సంగతి మొదట. వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. చవక ఎల్‌సీడీ తెరలు 450, 500 నిట్స్ దగ్గర ఆగిపోతాయి. చిత్తూరు జిల్లా మే నెల ఎండకు అది గుడ్డిదీపం. మీకు ఎండలో వెయ్యి నిట్స్ ఇచ్చేది కావాలి. ఇక్కడో మోసం ఉంది. ప్రకటనల్లో "పీక్ బ్రైట్‌నెస్ 3000" లాంటి అంకె పెద్దగా వేస్తారు. అది తెరలో చిన్న ముక్కకు, క్షణకాలం వచ్చే వెలుగు. మీకు కావాల్సిన అంకె "హై బ్రైట్‌నెస్ మోడ్", హెచ్‌బీఎం అని రాస్తారు. అసలు ఈ అంకెలన్నీ ఎందుకు, షాపు వాణ్ని అడిగి డెమో ఫోను వీధిలోకి తీసుకురండి. పన్నెండు గంటలకు వెళ్లండి. ఏసీ గదిలో అన్ని ఫోన్లూ అందగాళ్లే.

అమోలెడ్ తెర ఎండలో బాగా కనిపిస్తుంది. కానీ కిందపడి పగిలితే మా దగ్గర ఎల్‌సీడీ కాంబో, అంటే గ్లాసుతో కలిపి తెర, 1500 నుంచి 2000లో అయిపోతుంది, అమోలెడ్‌కు నాలుగైదు వేలు దాటుతుంది. తోటలో చెట్టెక్కి పనిచేసేవారు కాబట్టి ఈ మాట చెబుతున్నాను. టెంపర్డ్ గ్లాసు, అంచులు లేచిన గట్టి పౌచ్ మొదటి రోజే వేయించండి.

వేలిముద్ర విషయంలో తప్పు ఫోనుదీ కాదు, మీదీ కాదు. మామిడి సొన, మట్టి, పార పిడి పట్టి అరిగిన వేళ్లు. తెర కిందుండే సెన్సర్ వేలిని ఫొటో తీసి గుర్తుపడుతుంది. గీతలు అరిగితే దానికి అయోమయం. పక్కన పవర్ బటన్ మీద ఉండే సెన్సర్ నయం. అదే వేలిని రెండుసార్లు నమోదు చేయండి, ఒకటి పొద్దున కడిగిన చేత్తో, ఇంకొకటి సాయంత్రం పని చేతితో. మా దగ్గరికి వచ్చే రైతులకు ఈ చిట్కా బాగా పనిచేసింది.

సిగ్నలుకు ముందు మీ తోటలో ఎవరి సిమ్ బాగా పలుకుతోందో చూడండి, ఆ తర్వాతే ఫోను. బీఎస్‌ఎన్‌ఎల్ 2025 సెప్టెంబరులో దేశవాళీ 4జీని అధికారికంగా ప్రారంభించింది. దానికి 700 మెగాహెర్ట్జ్, అంటే బ్యాండ్ 28 ముఖ్యం. ఆ తరంగం దూరం వెళుతుంది, గోడలూ చెట్లూ దాటుతుంది. పాత ఫోన్లు చాలావాటిలో బ్యాండ్ 28 లేదు. టవర్ పక్కనే ఉన్నా "నాకు అందడం లేదు" అనేవాళ్లలో కొందరి కథ ఇదే. స్పెసిఫికేషన్స్‌లో 4జీ బ్యాండ్ల వరుసలో 28 ఉందో లేదో చూసి కొనండి.

చివరగా, మీ పాత ఫోను చార్జింగ్ ఎక్కడం లేదంటే పారేయకండి. స్విచాఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో చార్జింగ్ పిన్ను రంధ్రం మెల్లగా గీరండి. పోయిన వేసవిలో పలమనేరు నుంచి వచ్చిన ఒకాయన ఫోనులో అలా గీరితే పౌచ్ నూలు, ఎర్రమట్టి కలిసి పెసరగింజంత ఉండ బయటికొచ్చింది. ఆయన అప్పటికే కొత్త ఫోనుకు అడ్వాన్స్ ఇచ్చేశాడు! పిన్నీసు, గుండుసూది మాత్రం వాడొద్దు.

ప్రశ్న: నేను కలంకారీ చీరలు, దుపట్టాలు వేసి వాట్సాప్‌లోనే అమ్ముతాను. ఫోటోలో ఎరుపు ఒకలా, చీర చేతికి వచ్చాక ఇంకోలా ఉందని ముగ్గురు వెనక్కి పంపారు. 108 మెగాపిక్సెల్ ఫోను తీసుకుంటే సరిపోతుందా? పాతిక వేల దాకా పెట్టగలను.
— ఒక కళాకారిణి, శ్రీకాళహస్తి

అమ్మా, మెగాపిక్సెల్‌కూ రంగుకూ సంబంధం లేదు. వాట్సాప్‌లో మామూలుగా పంపినప్పుడు ఫొటో ఎలాగూ కుదించుకుపోతుంది. 108 తీసి పంపినా అవతల అందేది అందులో ఆవగింజంత.

మీ కష్టం నాకు మూడు చోట్ల కనిపిస్తోంది. మొదటిది, కొత్త ఫోన్ల కెమెరాలు రంగులను ఉన్నదానికన్నా కొట్టొచ్చినట్టు చూపిస్తాయి. ఆకాశం మరీ నీలం, గడ్డి మరీ పచ్చ. పెళ్లి ఫొటోలకు అది బాగుంటుంది. చెట్ల వేళ్లతో, కరక్కాయతో వేసిన రంగును అది పాడు చేస్తుంది. రెండోది, మీ ఫోను తెరే "వివిడ్" మోడ్‌లో ఉండొచ్చు. మీరు చూసే ఎరుపే అబద్ధమైతే కొనేవాళ్లకు నిజం ఎలా చెబుతారు? డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో "నేచురల్" పెట్టుకోండి. రెండ్రోజులు తెర వెలసిపోయినట్టుంటుంది, తర్వాత అలవాటవుతుంది. మూడోది ట్యూబులైటు. ఇంట్లో తెల్ల ఎల్‌ఈడీ ఒకవైపు, వాకిట్లో ఎండ ఒకవైపు పడితే కెమెరాకు ఏది తెలుపో అర్థం కాదు.

అందుకే ఫోను కొనే ముందు ఈ పని చేసి చూడండి. పొద్దున తొమ్మిదింటికి ఉత్తరం వైపు వరండాలో, నేరుగా ఎండ పడని చోట చీర పరచండి. లైట్లన్నీ ఆర్పేయండి. చీర అంచు పక్కన ఒక తెల్లకాగితం పెట్టండి. ఫొటోలో కాగితం తెల్లగా కనిపిస్తే ఎరుపూ దాదాపు నిజమే. కాగితం నీలంగానో పసుపుగానో తిరిగితే ఎరుపు కూడా తిరిగినట్టే. ఆ కాగితం ఉన్న ఫొటోనే కొనేవాళ్లకు పంపండి, కత్తిరించొద్దు. నేను మా చెల్లెలి చీర మీద చేసి చూశాకే ఇది రాస్తున్నాను.

అయినా ఫోను మార్చాలంటే మెయిన్ కెమెరాకు ఓఐఎస్ ఉన్నది చూడండి. చెయ్యి వణికినా కెమెరా లోపలి లెన్సు సర్దుకుంటుంది, కలం గీత చెదిరిపోదు. పాతిక వేలలో అలాంటివి దొరుకుతాయి. "నాలుగు కెమెరాలు" అని చెప్పి వాటిలో రెండు 2 మెగాపిక్సెల్ మాక్రో, డెప్త్ అని ఉంటే ఆ రెండూ కనిపించడానికే. వాటికి రూపాయి కూడా ఎక్కువ ఇవ్వొద్దు. షాపుకు వెళ్లేటప్పుడు ఒక దుపట్టా వెంట పట్టుకెళ్లండి. వాళ్ల బొమ్మల పోస్టరును కాదు, మీ దుపట్టాను ఫొటో తీసి చూడండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ ఐఫోన్ పాతిక వేలకు ఇస్తానంటున్నాడు ఒకతను. 11 ఉంది, 12 ఉంది అంటాడు. మావాడు పట్టుపట్టాడు. జాగ్రత్తలు చెప్పగలరు.
— ఒక తండ్రి, చిత్తూరు

ముందు నా పరువు నేనే తీసుకుంటాను. పదేళ్ల కిందట ఒక కుర్రాడు హడావుడిగా వచ్చి, ఊరికి పోవాలి, బస్సు టైమైంది అంటే ఆరు వేలకు ఒక ఫోను కొన్నాను. బిల్లు అడగలేదు. పది రోజులకు అసలు యజమాని కానిస్టేబులుతో సహా నా కౌంటరు ముందు నిలబడ్డాడు. ఆరు వేలూ పోయాయి, ఒక పూట పని పోయింది, సందులో అందరూ నన్నే చూశారు. ఆ రోజు నుంచి బిల్లు లేని ఫోనును నేను ముట్టుకోను. మీరూ ముట్టుకోవద్దు.

*#06# కొడితే పదిహేను అంకెల ఐఎంఈఐ, అంటే ఫోను గుర్తింపు నంబరు, వస్తుంది. బిల్లు మీదా డబ్బా మీదా అదే నంబరు ఉండాలి. ఇంగ్లీషులో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు కొట్టి 14422కు మెసేజ్ పంపండి. కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ సైటులోనూ చూడొచ్చు. దొంగిలించినదని ఎవరైనా బ్లాక్ చేయించి ఉంటే అక్కడ తెలిసిపోతుంది. తర్వాత అతని ఆపిల్ ఐడీ మీ ఎదుటే తీయించి, ఫోనును మొత్తం రీసెట్ కొట్టించండి. మళ్లీ ఆన్ అయ్యాక పాత ఐడీ పాస్‌వర్డ్ అడిగిందా, అది ఇటుక. మా సొరుగులో అలాంటి ఇటుకలు మూడున్నాయి.

సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్ లోకి వెళితే ఏయే భాగాలు మార్చారో "పార్ట్స్ అండ్ సర్వీస్ హిస్టరీ"లో కనిపిస్తుంది. "అన్‌నోన్ పార్ట్" అని ఉంటే మాలాంటివాళ్ల చెయ్యి పడిందని అర్థం. అదేమీ పాపం కాదు, ధర తగ్గించి అడగండి. బ్యాటరీ హెల్త్ 80 లోపు ఉంటే బ్యాటరీ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

11, 12లలో ఏదంటే 12. 5జీ మొదట వచ్చిన ఐఫోన్లు అవే, 2020లో. ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్. 2025లో వచ్చిన ఐఓఎస్ 26 పాత ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ మోడళ్లను వదిలేసి 11 నుంచే మొదలైంది. అంటే ఆ వరుసలో చివర నిలబడింది 11. ఇంకాస్త పెట్టి 13 దొరికితే ఇంకా మేలు. నా సొంత అభిప్రాయం అడిగితే, ఆ పాతిక వేలకు బిల్లూ వారంటీ ఉన్న కొత్త ఆండ్రాయిడ్ వస్తుంది. కానీ పట్టుపట్టిన పిల్లవాడి దగ్గర నా అభిప్రాయం చెల్లదని తెలుసు, మా ఇంట్లోనూ ఒకడున్నాడు.

ప్రశ్న: మా అత్తగారికి డెబ్బై రెండేళ్లు. టచ్ ఫోను ఇస్తే ఎవరెవరికో కాల్ వెళ్లిపోతోంది. కీప్యాడ్ ఫోనే కొననా?
— ఒక గృహిణి, పుత్తూరు

కీప్యాడే కొనండమ్మా. కానీ జియో సిమ్ అయితే 4జీ కీప్యాడ్ ఫోనే తీసుకోవాలి. జియోకు 2జీ లేదు, 2జీ మాత్రమే ఉన్న మామూలు ఫోనులో ఆ సిమ్ పలకదు. పింఛను డబ్బు పంపడానికో, కిరాణా కొట్లో ఇవ్వడానికో కావాలంటే కీప్యాడ్ ఫోన్ల కోసం 2022లో వచ్చిన యూపీఐ 123పే ఉంది. నన్నడిగితే అది వద్దు, చేతిలో నోటే ఆమెకు సుఖం. 5 లేదా 9 అంకెను గట్టిగా నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు 2017 నుంచి కొత్త కీప్యాడ్ ఫోన్లలో తప్పనిసరి చేశారు. అది మాత్రం నేర్పించండి.

ఇంకో సంగతి, తిరుమల దర్శనానికి వెళ్లేటప్పుడు ఆమె ఫోను వెనకాల కాగితం అంటించి మీ నంబరు రాయండి. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, డిపాజిట్ చేయాల్సిందే. తిరిగి తీసుకునేటప్పుడు ఒకే రకం నల్ల కీప్యాడ్ ఫోన్లు కలిసిపోతే తేల్చుకోవడానికి పనికొస్తుంది. కొండ దిగి నా కౌంటరుకు వచ్చేవాళ్ల ఫిర్యాదులు వేరు. చార్జింగ్ అయిపోయిందని కొందరు, గుండు కొట్టించుకున్నాక ఫేస్ లాక్ తెరుచుకోవడం లేదని కొందరు. పిన్ నంబరు గుర్తుందా అంటే తల తడుముకుంటారు.

ప్రశ్న: ఫుడ్ డెలివరీ చేస్తాను. బండి హ్యాండిల్‌కు ఫోను పెట్టి మ్యాప్ చూస్తాను. ఏడాదిలో రెండు ఫోన్లు పోయాయి. ఒకటి బ్యాటరీ ఉబ్బింది, ఒకటి కెమెరా వణుకుతోంది.
— తిరుపతి

తమ్ముడూ, ఎండలో మ్యాప్ తెరిచి, పవర్ బ్యాంకుకు తగిలించి నడిపితే ఫోను మూడువైపుల నుంచి కాలుతుంది. బ్యాటరీ ఉబ్బింది అందుకే. ఉబ్బిన దాన్ని మళ్లీ చార్జింగ్ పెట్టకు, వెంటనే తీయించు. కెమెరా వణకడం బండి అదురు వల్ల. ఆపిల్ కంపెనీ 2021లోనే, మోటార్‌సైకిల్ ఇంజన్ అదురు తగిలితే ఓఐఎస్ ఉన్న కెమెరాలు పాడవొచ్చని చెప్పింది. పైన చీరల అమ్మకు కొనమన్న ఓఐఎస్‌నే నీకు వద్దంటున్నాను. నీకు 6000 ఎంఏహెచ్ బ్యాటరీ, ఓఐఎస్ లేని సాదా కెమెరా, నీటి తుంపరకు ఐపీ64, పది పన్నెండు వేల ఫోను చాలు. అదురు తగ్గించే రబ్బరు ఉన్న హోల్డర్‌కు ఇంకో మూడు నాలుగు వందలు పెట్టు. ఎండాకాలం చార్జింగ్ ఆర్డర్ల మధ్య నీడలో పెట్టుకో.

ప్రశ్న: నో కాస్ట్ ఈఎంఐ నిజంగా నో కాస్టేనా?
— రేణిగుంట

వడ్డీకి సరిపడా డిస్కౌంటు ముందే ఇచ్చినట్టు చూపిస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ బ్యాంకు వేస్తుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరే. వందల్లోనే అవుతుంది, వేలల్లో కాదు. ఒకేసారి కట్టేవాళ్లకు ఇంకేమైనా తగ్గిస్తారా అని అడిగాకే సంతకం పెట్టండి.

ప్రశ్న: ఇన్ని చెబుతారు, మీరు వాడే ఫోను ఏది సార్?
— పీలేరు

ఐదేళ్ల పాతది. వెనక గ్లాసు పగిలి ఏడాది దాటింది, సెల్లోటేపు అంటించాను. మార్చడానికి ఇరవై నిమిషాల పని, టైమ్ దొరకడం లేదు. మా ఆవిడ ప్రతి ఆదివారం గుర్తు చేస్తుంది. కరెంటు పోతే మాత్రం సొరుగులోంచి నోకియా 1100 తీస్తాను, దాని టార్చి ఇంకా వెలుగుతోంది.